డాక్టరు గారి చుట్టల పెట్టెలో 33 అమెరికన్ నోట్లు: ఏది ఏమిటి, ఎంత చేస్తుంది

పాత నోట్లు పరిశీలించి ధర కట్టడం నా పని. చనిపోయిన డాక్టరు గారి భార్య, ఆ పెద్దావిడ, అన్నిటికంటే ముందు నా చేతిలో పెట్టింది వెయ్యి డాలర్ల నోటు. దాని మీద 1840 డిసెంబరు 15 తేదీ, బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ పేరు ఉన్నాయి. కాగితం పసుపుపచ్చగా మాగి ఉంది. "ఆయన దీన్నొక్కదాన్నే బ్యాంకు లాకర్లో పెట్టేవారు బాబూ. మిగతావన్నీ ఇంట్లోనే, ఈ చుట్టల పెట్టెలోనే ఉండేవి" అన్నారు. పక్కన కూర్చున్న కొడుకు కళ్లు కూడా ఆ నోటు మీదే ఉన్నాయి. నేను సీరియల్ నంబరు చూశాను. 8894.

ఆ నంబరు చూశాక ఇక భూతద్దం అక్కర్లేదు. ఇదే బ్యాంకు, ఇదే తేదీ, ఇదే 8894 నంబరుతో ఉన్న నోట్లు అమెరికాలో ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయో లెక్క లేదు. అసలు నోటును చూసి తయారుచేసిన జ్ఞాపికలు అవి. పాతగా కనబడాలని కాగితానికి రంగు పట్టించి, ముడుచుకుపోయేలా చేసి అమ్మారు. వేళ్ల మధ్య పట్టుకుంటే ఎండిన అరటాకులా పెళపెళలాడుతుంది. అసలైన పాత నోటు కాగితం అలా ఉండదు. వందేళ్లు దాటినా గుడ్డలా మెత్తగా వంగుతుంది. ఇక నంబరు సంగతి. అసలు నోటు మీద నంబరు, సంతకాలు కలంతో రాసినవి. నకలు మీద అవి కూడా బొమ్మతో పాటే అచ్చయిపోయాయి. అందుకే ప్రతి నకలు మీదా అదే 8894.

ఈ మాట చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. ముప్ఫై ఏళ్లు లాకర్లో దాచుకున్న వస్తువుకు ధర సున్నా అని చనిపోయిన మనిషి భార్యతో చెప్పాలి. నేను సూటిగానే చెబుతాను, కానీ చూపించి చెబుతాను. భూతద్దం ఆవిడ చేతికిచ్చి, సంతకం గీత అంచుల్ని, బొమ్మలోని గీత అంచుల్ని పక్కపక్కన చూడమన్నాను. రెండూ ఒకే సిరా, ఒకే నలుపు. "అయితే ఇది కలంతో రాసింది కాదన్నమాట" అని ఆవిడే అన్నారు.

ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. డాక్టరు గారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని 1970ల మొదట్లో అమెరికా వచ్చారు. 1965 ఇమిగ్రేషన్ చట్టం తలుపు తెరిచాక మనవాళ్లు ఎంతోమంది డాక్టర్లుగా వచ్చారు. స్థానిక డాక్టర్లు ఉండటానికి ఇష్టపడని చిన్న ఊళ్లలో వాళ్లలో చాలామంది స్థిరపడ్డారు. ఈయనకు దక్కింది వెస్ట్ వర్జీనియాలో దక్షిణాన ఒక బొగ్గుగనుల ఊరు. ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి పేరుకున్న మనుషులకు మూడు దశాబ్దాలకు పైగా వైద్యం చేశారు. ఫీజు కట్టలేనివాళ్లు కూరగాయలు తెచ్చేవారట, తేనె తెచ్చేవారట. ఆయనకు పాత నోట్లంటే ఇష్టమని తెలిశాక తాతల నాటి నోటు ఒకటి తెచ్చి ఇచ్చేవారట. ప్రతి నోటుతో పాటు ఒక చిన్న చీటీ మీద ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, వాళ్లకు ఏం జబ్బు అన్నది ఆయన తెలుగులో రాసి పెట్టుకున్నారు. ఊరి పేరు, బ్యాంకు పేరు ఈ కేసు రాతలో నేను ఇవ్వడం లేదు. చిన్న ఊరు, ఇట్టే గుర్తుపట్టేస్తారు.

నన్ను అడిగింది మూడు విషయాలు. ఏది అసలు, ఏది నకలు? ఒక్కోటి ఎంత చేస్తుంది? ముగ్గురు పిల్లలకు ఎలా పంచాలి? పెట్టెలో మొత్తం 33 కాగితాలు. వెయ్యి డాలర్ల నకలును, కాన్ఫెడరేట్ కాగితాలు (అమెరికా అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణ రాష్ట్రాలు వేసుకున్న నోట్లు) రెంటినీ పక్కన పెడితే మిగిలిన 30 నోట్ల ముఖవిలువ 97 డాలర్లు.

నేను ముందుగా నోట్లను కొలతతో విడదీస్తాను. 1929 జులైలో అమెరికా నోటు చిన్నదైంది. అంతకుముందువి సుమారు 187 మిల్లీమీటర్ల పొడవు, 79 వెడల్పు. తర్వాతివి 156 పొడవు, 66 వెడల్పు. పాత పెద్ద నోట్లను ఇక్కడి కలెక్టర్లు గుర్రం మీద కప్పే దుప్పట్లంటారు. ఈ పెట్టెలో అలాంటివి నాలుగు వచ్చాయి. ఆ తర్వాత సీలు రంగు. నీలం అయితే సిల్వర్ సర్టిఫికెట్, అంటే వెండి హామీతో ఇచ్చిన నోటు, ఎరుపు అయితే లీగల్ టెండర్ నోటు, అంటే ప్రభుత్వం నేరుగా ఇచ్చినది, పసుపు అయితే చాలావరకు గోల్డ్ సర్టిఫికెట్, అంటే బంగారం హామీతో ఇచ్చినది, గోధుమ రంగయితే ఆగి చూడాలి. రంగు ఒక్కదాన్నే నమ్మకూడదు. నోటు నెత్తిన ఉన్న పేరు చదవాలి. రంగు దారి చూపిస్తుంది, పేరు ఖాయం చేస్తుంది.

చిన్న నోట్లలో ఎక్కువ భాగం త్వరగానే తేలిపోయాయి. 1957 సిరీస్ ఒక డాలర్ సిల్వర్ సర్టిఫికెట్లు 11. అమెరికాలో ఏ పాత సొరుగు లాగినా ఇవే కనబడతాయి. సీరియల్ ముందు నక్షత్రం ఉన్నది ఒకటి ఉందని కొడుకు ఉత్సాహపడ్డాడు. అచ్చులో పాడైన నోటు స్థానంలో వేసిన నోటుకు నక్షత్రం పెడతారు, ఆ పద్ధతి 1910 నుంచి ఉంది. కానీ 1957 సిరీస్‌లో నక్షత్రం నోట్లు కూడా కుప్పలుగా మిగిలాయి. వాడిన నోటుకు నేను వేసిన ధర 5 డాలర్లు. మిగతా పదింటికి రెండేసి డాలర్లు. ఒకప్పుడు ఈ నోటు ఇస్తే ట్రెజరీ, అంటే ప్రభుత్వ ఖజానా, వెండి ఇచ్చేది. 1968 జూన్ 24తో అది ఆగిపోయింది. ఇప్పుడు అది మామూలు డాలరుగానే చెల్లుతుంది. ఎర్ర సీలు రెండు డాలర్ల నోట్లు మూడు, ఎర్ర సీలు 1963 అయిదు డాలర్ల నోట్లు మూడు, ముఖవిలువ కంటే కాస్త ఎక్కువ. 1976 రెండు డాలర్ల నోటు మీద ఏప్రిల్ 13 పోస్టాఫీసు ముద్ర ఉంది. ఆ నోటు విడుదలైన రోజున లక్షలమంది వరసలో నిలబడి ముద్ర వేయించుకున్నారు కాబట్టి అది అరుదు కాదు. నాలుగు డాలర్లు.

1935 సిరీస్ ఒక డాలర్ నోట్లు అయిదింటిలో ఒకటి మాత్రం వేరు. సీలు, సీరియల్ నంబర్లు గోధుమ రంగులో ఉన్నాయి. ముందువైపు రెండు చివర్లలో నిలువుగా హవాయి అని, వెనకవైపు నోటంతా పరుచుకున్న డొల్ల అక్షరాలతో మళ్లీ హవాయి అని అచ్చేశారు. హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద దాడి జరిగాక, దీవులు జపాన్ చేతికి చిక్కితే అక్కడున్న డాలర్లను ఒక్క దెబ్బతో చెల్లకుండా చేయడానికి 1942లో తీసుకున్న జాగ్రత్త ఇది. చీటీలో 'నావికాదళంలో పనిచేసినాయన, 1981' అని ఉంది. ఇదే 1935ఏ ఉపసిరీస్‌లోని మామూలు నోటు మీద ఇప్పుడు ఎవరైనా హవాయి అక్షరాలు వేసి అమ్మవచ్చు కాబట్టి రెండు చూశాను. సీలు రంగు మార్చిన ఆనవాలు, అంటే గోధుమ కింద నీలం మిగిలి ఉందా అన్నది ఒకటి. సీరియల్ నంబరు హవాయికి కేటాయించిన వరసల్లో పడుతుందా అన్నది రెండోది. రెండూ సరిపోయాయి. 50 డాలర్లు.

పసుపు సీలు ఉన్న 1928 ఇరవై డాలర్ల నోటు చూపిస్తూ పెద్దావిడ గొంతు తగ్గించారు. "ఇది ఇంట్లో ఉంచుకోవడం నేరమని ఎవరో అన్నారు బాబూ, నిజమేనా?" ఆ భయానికి మూలం ఉంది. 1933 ఏప్రిల్‌లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో బంగారు నాణేలూ గోల్డ్ సర్టిఫికెట్లూ ప్రజలు తిరిగి అప్పగించాల్సి వచ్చింది. 1964లో ఆ ఆంక్ష తీసేశారు. ఇప్పుడు ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ట్రెజరీ అధికారులు ఉడ్స్, మెల్లన్ సంతకాలు, మూడు నిలువు మడతలు, అంచులు బాగున్నాయి. 160 డాలర్లు.

కాన్ఫెడరేట్ కాగితాలు రెండింటిలో ఒకటి అసలుది, ఒకటి నకలు. 1864 ఫిబ్రవరి 17 తేదీ పది డాలర్లు, ఫిరంగి లాగుతున్న గుర్రాలు. కాగితం పలచన. నాలుగు అంచులూ కత్తెరతో చేత్తో కత్తిరించినట్టు వంకర. సంతకాల సిరా గోధుమ రంగుకు తిరిగి కాగితంలోకి దిగిపోయింది. వెనక్కి తిప్పి వెలుతురులో పెడితే కలం పాళీ నొక్కిన చోట్లు తెలుస్తాయి. అది అసలుది, 50 డాలర్లు. రెండోదాని మీద సంతకం పైకి తేలి బొమ్మతో ఒకే నలుపులో ఉంది. దక్షిణ రాష్ట్రాల్లో పర్యాటకుల దుకాణాల్లో ఇలాంటివి దశాబ్దాలుగా కట్టలు కట్టలుగా అమ్మారు.

ఇక అసలు పని రెండు నోట్ల దగ్గర. ఈ రెంటి మీదే నేను మూడు రోజులు గడిపాను.

మొదటిది 1899 సిరీస్ అయిదు డాలర్ల సిల్వర్ సర్టిఫికెట్. మధ్యలో ఈకల కిరీటంతో లకోటా అనే ఆదివాసీ జాతి నాయకుడు. ఆయన పేరు రన్నింగ్ యాంటిలోప్, హంక్‌పాపా శాఖవాడు. అమెరికా కాగితపు డబ్బు మీద ప్రధాన ముఖచిత్రంగా ఒక స్థానిక జాతి మనిషిని వేసింది ఈ ఒక్క నోటు మీదే. కలెక్టర్లు 'చీఫ్' అని పిలుచుకునే ఈ నోటు అంటే నాకు ఇరవై ఏళ్లుగా ప్రాణం. బహుశా అందుకే తొందరపడ్డాను, అది తర్వాత చెబుతాను.

నోటు మీద 1899 అని ఉంటే 1899లో అచ్చయిందని కాదు. పెద్ద నోట్ల కాలంలో డిజైన్ మారితేనే సిరీస్ సంవత్సరం మారేది. అదే డిజైన్ రెండు దశాబ్దాలకు పైగా నడిచింది. అచ్చయిన కాలం తెలియాలంటే కింద ఉన్న రెండు సంతకాలు చదవాలి. ఒకటి రిజిస్టర్ అనే ట్రెజరీ అధికారిది, రెండోది ట్రెజరర్‌ది, అంటే కోశాధికారిది. వాళ్లిద్దరూ ఒకేసారి పదవిలో ఉన్న కాలమే ఆ నోటు కాలం. ఈ నోటుకు అలాంటి సంతకాల జతలు పదకొండు ఉన్నాయి. కలెక్టర్లు వాడే ఫ్రీడ్‌బర్గ్ కేటలాగు లెక్కలో 271 నుంచి 281 వరకు వాటి నంబర్లు. అందులో నేపియర్, థాంప్సన్ జత అరుదు. ఎందుకంటే థాంప్సన్ 1912 నవంబరులో ట్రెజరర్‌గా వచ్చి 1913 మార్చికల్లా వెళ్లిపోయాడు. ఆ కొద్ది నెలల్లో అచ్చయినవే ఆ జతతో ఉంటాయి. మన నోటు మీద ఉన్నవి టీహీ, బర్క్ సంతకాలు, అంటే 278. టీహీ 1915 నుంచి 1919 వరకు రిజిస్టర్. కాబట్టి 1899 అని రాసి ఉన్న ఈ నోటు మొదటి ప్రపంచయుద్ధం నాటిది. హ్యూస్టన్ టీహీ చెరోకీ అనే మరో ఆదివాసీ జాతివాడు. ఒక లకోటా నాయకుడి బొమ్మ కింద ఒక చెరోకీ అధికారి సంతకం. ఇది ధరను ఒక్క సెంటు కూడా పెంచదు, ఈ జత నోట్లు మామూలుగా దొరికేవే. అయినా నేను ప్రతి ఇంట్లోనూ చూపిస్తాను. నోటును చదవడమంటే ఏమిటో ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది.

మొదటిరోజు భోజనాల బల్ల మీద, పసుపుపచ్చటి దీపం కింద, ప్లాస్టిక్ కవరులోనే ఉంచి చూసి వెరీ ఫైన్ 30 గ్రేడు, అంటే వాడినా బాగానే ఉన్న స్థితి, అనుకున్నాను. 900 డాలర్ల దాకా రావచ్చని చెప్పేశాను. అది నా తప్పు. నోటును కవరులోంచి తీయకుండా, పగటి వెలుతురు లేకుండా అంకె చెప్పకూడదు.

రెండోరోజు కవరులోంచి తీసి, ఒక పక్క నుంచి ఏటవాలుగా దీపం వేశాను. మడత వెంబడి సిరా తెగి ఉంది, అంటే ఒకప్పుడు గట్టిగా మడతపెట్టిన నోటు. కానీ వేలితో తడిమితే మడత తగలదు, కాగితం ఇస్త్రీ చేసిన చీరలా చదునుగా ఉంది. ఈ రెండూ ఒకే నోటులో ఉండకూడదు. చెక్కిన పలకతో గట్టిగా నొక్కి అచ్చేసిన నోటు కాబట్టి గీతలు కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి, అవీ అణగిపోయాయి. నీలం సీలు వెలిసింది. అప్పుడు గదిలో దీపాలు ఆర్పి అతినీలలోహిత కాంతి వేశాను. ఆ కాలపు నోటు కాగితం ఆ వెలుగులో మసకగా, నిస్తేజంగా ఉండాలి. ఇది నీలి తెలుపుతో మెరిసింది. బట్టల సబ్బు పొడుల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం మెరుపు అది. ఎవరో ఈ నోటును ఉతికారు.

ఫోన్ చేసి అడిగాను. అటువైపు కాసేపు మాట లేదు. "ఆయనే బాబూ. గనిలో పనిచేసే ఆయన తెచ్చాడు, మసి పట్టి ఉంది. గోరువెచ్చని నీళ్లలో పొడి వేసి మెల్లగా కడిగి, లావుపాటి మెడికల్ పుస్తకంలో పెట్టి ఆరబెట్టారు. ఎంత బాగా వచ్చిందో చూడు అని నాకు చూపించారు కూడా."

ఆయన మంచి ఉద్దేశంతో చేసిన పనే సగం ధర తీసేసింది. మసి ఉన్న అసలు నోటును కలెక్టరు ఇష్టంగా కొంటాడు, ఉతికిన నోటును వదిలేస్తాడు. సబ్బు కాగితంలోని గట్టిదనాన్ని తీసేస్తుంది, నోటు నిలబడే బలం పోతుంది, రంగు తేలిపోతుంది. ఒకసారి పోయాక ఎవరూ తిరిగి తీసుకురాలేరు. నా అంచనా 450కి దించాను. పెద్దావిడకు నేనే చెప్పాను, మొదటి అంకె నా తొందరపాటని ఒప్పుకున్నాను. తర్వాత ఒక గ్రేడింగ్ కంపెనీకి పంపితే వెరీ ఫైన్ 25 నెట్ అని, ఉతికినట్టు గమనిక రాసి పంపారు. నెట్ అంటే లోపం ఉంది, దాన్ని లెక్కలో వేసుకుని గ్రేడు ఇచ్చామని.

అదే పెట్టెలో 1899 ఒక డాలర్ నోటు, కలెక్టర్లు నల్ల గద్ద అనే నోటు, దీనికి జతగా ఉంది. గద్ద కింద లింకన్, గ్రాంట్ ముఖాలు. చిరిగిన చోట వెనకవైపు సెల్లోటేపు అంటించారు. టేపు జిగురు కాగితంలోకి దిగి ముందువైపు తేనె రంగు మచ్చ కట్టింది. ఆ టేపు తీయవద్దని గట్టిగా చెప్పాను. ఇంట్లో పీకితే అచ్చు కూడా వస్తుంది. టేపు లేకుంటే వందకు దగ్గరగా వెళ్లేది, ఇప్పుడు 40. వాషింగ్టన్ బొమ్మతో 1923 ఒక డాలర్ నోట్లు రెండు, స్పీల్‌మన్, వైట్ సంతకాలు, పెద్ద నోట్లలో అన్నిటికంటే సులువుగా దొరికేవి. ఒక్కోటి 35.

రెండో నోటు సంగతి. కొడుకు దాన్ని కుప్పలో అడుగున పడేశాడు. నిజానికి ఆయన ముందే అనేశాడు, "ఈ గోధుమ సీలువి రెండూ ఒకటేనండీ, పది, ఇరవై. బ్యాంకులో వేసేద్దామనుకున్నాం" అని. రెండూ ఒకటి కాదు.

1929 గోధుమ సీలు నోట్లు రెండు రకాలు. రెంటి మీదా నేషనల్ కరెన్సీ అనే ఉంటుంది, రెంటి మీదా జోన్స్, ఉడ్స్ సంతకాలే ఉంటాయి. తేడా ముఖచిత్రానికి ఎడమవైపున ఉంది. ఇరవై డాలర్ల నోటు మీద అక్కడ క్లీవ్‌లాండ్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ అని ఉంది, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని ఒక ప్రాంతీయ బ్యాంకు. 1933 మార్చిలో దేశమంతా బ్యాంకులు మూతపడి జనం డబ్బు కోసం ఎగబడినప్పుడు, చేతిలో ఉన్న అచ్చు సరుకుతో హడావుడిగా వేసిన నోటు అది. బాగానే మిగిలాయి, వాడిన దానికి 45 డాలర్లు. పది డాలర్ల నోటు మీద మాత్రం అక్కడ ఉన్నది డాక్టరు గారు పనిచేసిన ఆ ఊరి పేరు, ఆ ఊరి బ్యాంకు పేరు. ఆ బ్యాంకు ప్రెసిడెంటు, క్యాషియర్ల సంతకాలు కూడా ఉన్నాయి.

1863 నుంచి 1935 వరకు అమెరికాలో ఊరూరా ఉన్న నేషనల్ బ్యాంకులు తమ పేరు మీద నోట్లు ఇచ్చాయి. బ్యాంకు అమెరికా ప్రభుత్వ బాండ్లు కొని ట్రెజరీ దగ్గర పూచీగా ఉంచాలి, దానికి బదులుగా ప్రభుత్వం ఆ బ్యాంకు పేరుతో నోట్లు అచ్చేసి ఇచ్చేది. ప్రతి బ్యాంకుకు ఒక చార్టర్ నంబరు, అంటే ప్రభుత్వ అనుమతి నంబరు, ఉండేది. అలా నోట్లిచ్చిన బ్యాంకులు 12 వేలకు పైనే. న్యూయార్కు బ్యాంకులు లక్షల్లో ఇచ్చాయి, కొండల మధ్య ఊరి బ్యాంకు కొన్ని వందల షీట్లతో సరిపెట్టుకుంది. అందుకే ఇక్కడ ధరను నిర్ణయించేది ముఖవిలువ కాదు, సిరీస్ కూడా కాదు. ఏ ఊరు, ఏ బ్యాంకు, దానివి ఎన్ని మిగిలాయి అన్నదే లెక్క.

1929 నోట్లలోనూ మొదటి రకం, రెండో రకం ఉన్నాయి. మొదటి రకంలో చార్టర్ నంబరు నల్లగా రెండు చోట్ల ఉంటుంది. షీటులోని ఆరు నోట్లకూ ఒకే నంబరు, ముందున్న అక్షరం మాత్రం ఏ నుంచి ఎఫ్ వరకు మారుతుంది. 1933 నుంచి వచ్చిన రెండో రకంలో చార్టర్ నంబరు గోధుమ రంగులో కూడా, సీరియల్ పక్కన, మళ్లీ కనబడుతుంది. నంబర్లు వరసగా నడుస్తాయి, చివర అక్షరం ఉండదు. మనది రెండో రకం. 1935లో ఈ పద్ధతే ముగిసింది కాబట్టి, చిన్న బ్యాంకులకు రెండో రకం నోట్లు వేసే సమయం రెండేళ్లకు మించి దొరకలేదు. సీరియల్ నంబరు కూడా మూడంకెల్లోనే ఉంది.

కలెక్టర్లు దశాబ్దాలుగా బ్యాంకు వారీగా, నోటు నోటుకూ సీరియల్ నంబరుతో రాసుకుంటూ వస్తున్న సెన్సస్ ఉంది. అందులో ఈ బ్యాంకు కింద చిన్న సైజు నోట్లు ఆరు కనబడ్డాయి. మన నంబరు లేదు. పాత వేలంపాటల ఫలితాల్లో ఈ బ్యాంకువి రెండు అమ్మకాలు దొరికాయి. ఒకటి మనదానికంటే మంచి స్థితిలో ఉన్నది, ఒకటి మూల పోయినది. ధర వేసేటప్పుడు నేను చూసేది అలా నిజంగా అమ్ముడైన అంకెలనే. ఎవరో అడుగుతున్న ధర ఎంత పెద్దదైనా నాకు పనికిరాదు. కొనే మనిషి దొరకలేదు కాబట్టే అది ఇంకా అక్కడ వేలాడుతోంది. ఆ రెండింటి మధ్యలో, మన నోటుకున్న మూడు మడతలు, ఒక పిన్ను రంధ్రం లెక్కవేసి 550 డాలర్లు పెట్టాను. ఇదే స్థితిలో ఒక పెద్ద పట్టణం బ్యాంకు నోటయితే వందకు అటూఇటూ ఉండేది.

పిన్ను రంధ్రం కథ చీటీలో ఉంది. ఆ నోటు ఇచ్చినావిడ భర్త ఆ బ్యాంకులోనే గుమాస్తా. తన మొదటి జీతంలోని నోటును గోడ క్యాలెండరుకు గుచ్చి ఉంచాడట. చీటీలో ఆవిడ జబ్బు పేరు కూడా ఉంది. ఇలాంటి చరిత్ర కాగితాలు నోటుతో పాటు ఉంటే కొనేవాళ్లు సంతోషిస్తారు. కానీ వైద్యుడు రాసుకున్న రోగి వివరాలు బయటికి వెళ్లకూడదు. 33 చీటీలూ నోట్ల నుంచి వేరుచేసి పెద్దావిడకే ఇచ్చాను. రిపోర్టులో మాత్రం 'స్థానిక కుటుంబం, 1978' అని రాశాను.

రిపోర్టులో చివరి అంకె 1,488 డాలర్లు. అందులో వెయ్యి డాలర్లు చీఫ్ నోటు, పది డాలర్ల నోటు ఈ రెంటివే. ఇది న్యాయమైన మార్కెట్ ధర, అంటే అమ్మాలన్న ఒత్తిడి లేనివాడు, కొనాలన్న ఒత్తిడి లేనివాడు, ఇద్దరూ సంగతి తెలిసినవాళ్లయితే ఏ అంకె దగ్గర చేయి కలుపుతారో ఆ ధర. డాక్టరు గారు చనిపోయిన తేదీ నాటి ధరగా వేశాను, ఎందుకంటే వారసులు రేపు అమ్మితే లాభం లెక్క అక్కడినుంచే మొదలవుతుంది. డీలరు దగ్గరికి పెట్టె పట్టుకెళితే ఇంత రాదు. ఆయనకూ అద్దె, లాభం ఉండాలి కాబట్టి సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ఇస్తాడు, 1957 నోట్ల లాంటివైతే అంతకంటే తక్కువ. ఈ తేడా ముందే చెప్పకపోతే ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి. నేను చూసిన వారసత్వపు తగాదాల్లో చాలావాటికి మూలం ఒకే నోటుకు రెండు రకాల ధరలు ఇద్దరు వేర్వేరు చోట్ల వినడమే.

గ్రేడింగుకు రెండే పంపించాం. ఒక్కోదానికి కంపెనీ రుసుము, బీమా, పోస్టు కలిపితే 40, 50 డాలర్లు తేలికగా అవుతాయి. 45 డాలర్ల నోటుకు ఆ ఖర్చు దండగ. మిగతావాటిని పాత ఆల్బంలోంచి తీసేశాం. అందులోవి మెత్తటి పీవీసీ పేజీలు. ఏళ్లు గడిస్తే వాటిలోంచి జిడ్డు దిగి నోటుకు పడుతుంది, రెండు నోట్లకు అప్పటికే అంచుల్లో తగిలింది. మైలార్ అనే మరో రకం ప్లాస్టిక్ కవర్లలోకి మార్చి, వంటగదికి దూరంగా, నేలమాళిగలో కాకుండా పడకగది బీరువాలో పెట్టమన్నాను. కొడుకు ఇస్త్రీ సంగతి అడిగాడు, మడతలు పోతాయి కదా అని. చీఫ్ నోటును మళ్లీ అతినీలలోహిత కాంతిలో చూపించాను. ఇంకేం అడగలేదు.

పంపకం పెద్దావిడే చేశారు. పెద్దమ్మాయికి చీఫ్ నోటు, చిన్నమ్మాయికి గోల్డ్ సర్టిఫికెట్టూ హవాయి నోటూ మిగిలిన మూడు పెద్ద నోట్లూ, కొడుకుకు కాన్ఫెడరేట్ నోటుతో పాటు మిగిలిన చిన్నవన్నీ. అంకెలు సమానం కాలేదు, తేడా డబ్బుతో సర్దుకున్నారు. పది డాలర్ల నోటు ఎవరికీ ఇవ్వలేదు. "మేం వచ్చేటప్పటికి ఆ బ్యాంకు ఎప్పుడో మూతపడింది. ఆ బిల్డింగులోనే ఆయన క్లినిక్కు పెట్టారు బాబూ, కింద ఇనప తలుపు గది ఇంకా ఉండేది. మందులు అందులోనే పెట్టేవాళ్లం" అన్నారు. ఆ సంగతి అంతవరకూ నాతో ఎవరూ అనలేదు, చీటీలో కూడా లేదు. నోటును లాకర్లో వెయ్యి డాలర్ల నకలు ఉండే కవరులో పెట్టించుకున్నారు. నకలును పారేయలేదు, అది ఇప్పుడు చుట్టల పెట్టెలో ఉంది.

ఆవిడ అనుమతి తీసుకుని ఆ సీరియల్ నంబరును, యజమాని పేరు లేకుండా, సెన్సస్‌కు పంపాను. ఆ బ్యాంకు కింద ఇప్పుడు ఏడు నోట్లున్నాయి.